వీడ్కోళ్ల మావయ్య

మావయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. ఊళ్లో ఏ కంపెనీలో ఏ పెద్దమనిషి రిటైరైనా, ఆ వీడ్కోలు సభలో ఆయన ఉండాల్సిందే. పిలిచారా లేదా అన్నది ఆయన దృష్టిలో కార్డులు అచ్చువేసేవాళ్ల గొడవ. రిటైరయ్యే మనిషి ముఖం అంతకుముందు చూసి ఉండనక్కర్లేదు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో తెలిసి ఉండనక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నర కొట్టేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో చిన్న డైరీ పెట్టుకుని, వెనకనుంచి రెండో వరసలో, టీ బల్లకి దగ్గరగా కూర్చుని ఉంటాడు.

ఇందులో ఉన్న సుఖమేమిటంటే, వీడ్కోలు సభలో ఎవరినీ ఎవరూ "మీరెవరండీ?" అని అడగరు. అకౌంట్స్ వాళ్లు ఆయన్ని స్టోర్స్ ఆయన అనుకుంటారు. స్టోర్స్ వాళ్లు హెడ్డాఫీసు నుంచి వచ్చాడనుకుంటారు. నిజంగా హెడ్డాఫీసు నుంచి వచ్చినవాళ్లు, రిటైరయ్యే ఆయనకి వియ్యంకుడేమోనని లేచి కుర్చీ ఇస్తారు. ఊళ్లో ఓ నలభై కంపెనీల గ్రూపు ఫొటోల్లో మావయ్య ఎడమ చివర నిలబడి నవ్వుతూ ఉంటాడు.

ఊరికే కూర్చుంటే బాగానే ఉండేది. మైకు ఖాళీగా కనబడితే ఆయన ప్రాణం ఆగదు. "రెండు ముక్కలు మాట్లాడతాను" అని లేస్తాడు. ఆ రెండు ముక్కలూ ఇరవై నిమిషాలు. చివర్లో బహుమతిగా గోడ గడియారం ఇస్తారు కదా, అది చూసినప్పుడల్లా ఒకటే బాధపడతాడు.

"జీవితమంతా టైముకి వచ్చి టైముకి వెళ్లినవాడికి మళ్లీ గడియారమేమిట్రా? పాపం, పొద్దున్నే లేచి దాన్ని చూస్తూ కూర్చోడానికా?"

ఇంత చేసిన మనిషి తన సభకి మాత్రం వెళ్లలేదు. ఆయన ఒక పెద్ద కంపెనీలో ఎండీకి పర్సనల్ సెక్రటరీ. ముప్ఫయ్యారేళ్లలో ఆరుగురు ఎండీలు మారారు, ఆయన మారలేదు. రిటైరైన రోజున హాలు నిండిపోయింది. అయిదయింది, ఆరయింది, మనిషి జాడ లేదు. ఆరోజే పక్కవీధిలో కరెంటాఫీసు చీఫ్ ఇంజనీరుకి వీడ్కోలు. ఈయన అక్కడున్నాడు. గడియారం అత్తయ్యే పుచ్చుకుని ఇంటికొచ్చింది.

"మన సభలో మనం లేకపోతే ఎలాగండీ?" అని ఆవిడ నిలదీస్తే, "అక్కడ నా గురించి చెప్పేవన్నీ నాకు తెలిసినవే కదే!" అన్నాడు.

ఇలాంటి మావయ్య చేతిలో తన బతుకు పెట్టాల్సి వస్తుందని మేనల్లుడు కలలో కూడా అనుకోలేదు. మేనల్లుడు ఒక గాజు సీసాల ఫ్యాక్టరీకి జనరల్ మేనేజరు. ఇరవై రెండేళ్లు చేశాడు. కింద ఆరువందల మంది. ఆ ఫ్యాక్టరీని ఎవరో కొనుక్కున్నారు. కొన్నవాళ్లు వాళ్ల మనిషిని వెంట తెచ్చుకున్నారు. యాభై ఒకటో ఏట మేనల్లుడు ఒక అట్టపెట్టె పట్టుకుని ఇంటికొచ్చి, ఏడు నెలలయినా ఇంట్లోనే ఉన్నాడు.

ఉన్నవాడు ఊరికే ఉన్నాడా? ఫ్యాక్టరీ పోతే ఇల్లే ఫ్యాక్టరీ అయింది. వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేశాడు. "పంచదార ఎక్కడండీ?" అని భార్య అడిగితే "బి-నాలుగు" అనేవాడు. పొద్దున ఏడున్నరకి ప్రొడక్షన్ మీటింగు. హాజరయ్యేది బడిలో లెక్కలు చెప్పే భార్య, కాలేజీకి వెళ్లే కూతురు. ఎజెండాలో మొదటి అంశం: నిన్న గీజరు ఆపకుండా వెళ్లినవారెవరు.

మిగిలిన టైములో అప్లికేషన్లు పంపేవాడు. పేపర్లో పడిన ప్రతి ప్రకటనకీ, కంప్యూటర్లో కనబడిన ప్రతి ఖాళీకీ పంపాడు. రెండువందల పద్నాలుగు పంపితే తొమ్మిది జవాబులొచ్చాయి. తొమ్మిదింట్లోనూ మేనల్లుడి భవిష్యత్తు బాగుండాలని కోరారు. ఆ జవాబు వచ్చిన పూట ఇంట్లో ఎవరూ గట్టిగా గ్లాసు కూడా కింద పెట్టేవారు కాదు.

ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు భార్యే మావయ్యకి ఫోన్ చేసింది.

"మావయ్యగారూ, మీరు కేకు తినే చోటికి ఈయన్ని కూడా తీసుకుపోండి. సాయంత్రం రెండు గంటలైనా ఇల్లు ఇల్లులా ఉంటుంది."

మర్నాడే మావయ్య దిగాడు. బల్ల మీద స్పైరల్ బైండింగు చేసిన పుస్తకం ఒకటి కనబడింది.

"ఇదేమిట్రా?"

"నా బయోడేటా మావయ్యా."

"ఎన్ని పేజీలు?"

"పదకొండు."

"ఉద్యోగం అడగడానికి వెళ్తున్నావా, పురాణకాలక్షేపం పెట్టడానికా?" అని దాన్ని బీరువా మీదికి విసిరాడు. "ఒరేయ్, పెద్ద ఉద్యోగం పేపర్లో పడదు. పడిందంటే లోపల మనిషి ఖాయమయ్యాడు, పద్ధతి కోసం వేశారన్నమాట. ఆరుగురు ఎండీల ఫోన్లు కలిపినవాణ్ణి, నాకు తెలీదా? 'మావాడు వెళ్లిపోతున్నాడండీ, మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా?' అని ఒక ఎండీ ఇంకో ఎండీని అడుగుతాడు. అదీ ప్రకటన. అది వినబడే చోట నువ్వుండాలి. నువ్వేమో ఇక్కడ బి-నాలుగులో ఉన్నావు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"నాతో సభకి రా. ఆ వెళ్లిపోయే పెద్దమనిషిని చూసుకో. నెల్లాళ్లు పోయాక ఆయన ఇంటికెళ్లు. బయోడేటా తీసుకెళ్లకు. ఉద్యోగం మాట ఎత్తకు. 'మీరు చేద్దామనుకుని చెయ్యలేకపోయిన పనేమిటి సార్?' అని ఒక్క ప్రశ్న అడుగు. అడిగి నోరు మూసుకో."

"తర్వాత?"

"తర్వాతేముంది, టీ ఇస్తారు. తాగు."

మేనల్లుడికి ఇది ఉద్యోగప్రయత్నంలా కనబడలేదు. కానీ మునిగేవాడికి గడ్డిపోచే గతి. సరేనన్నాడు.

మొదటి సభ ఒక బీమా కంపెనీలో. అక్కడి సెక్రటరీ ఒకామె, "నాలుగున్నరకి రీజనల్ మేనేజరు మేడం కోసం కేకు కోస్తున్నాం" అని మావయ్య చెవిన వేసింది. సెక్రటరీలందరూ ఆయనకి చుట్టాలే. ఇద్దరూ వెళ్లారు. మావయ్య మైకు పట్టుకున్నాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ల సేవ గురించీ, ఆవిడ లేని లోటు గురించీ, ఇకనుంచి ఆరోగ్యం చూసుకోవాల్సిన అవసరం గురించీ కళ్లు చెమర్చేలా చెప్పాడు.  ఆవిడ మెల్లిగా లేచింది.

"అయ్యా, నేను రిటైరవ్వట్లేదండీ. నాకు ప్రమోషనొచ్చింది."

మేనల్లుడు కుర్చీ కిందికి ఎంతవరకు జారొచ్చో అంతవరకూ జారాడు. మావయ్య మాత్రం తొణకలేదు.

"అమ్మా, ఎనిమిదేళ్ల తర్వాత చెప్పాల్సింది ఇప్పుడే చెప్పేశాను. అప్పటికి నేనుంటానో లేదో."

ఆవిడ పగలబడి నవ్వి ఇద్దరికీ రెండేసి కేకుముక్కలు పెట్టించింది.

ఆ తర్వాత నాలుగు నెలల్లో మావయ్య అయిదుగురి అడ్రసులిచ్చాడు. జేబులోంచి ఆ చిన్న డైరీ తీసి, ఎవరికీ కనబడకుండా చేయి అడ్డం పెట్టుకుని చూసి చెప్పేవాడు. ఊళ్లో పైకి తెలియని ఖాళీలన్నీ ఆ డైరీలో ఉన్నాయని మేనల్లుడు గట్టిగా నమ్మాడు. అందుకే ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి వెళ్లాడు.

సోమవారాలు సిమెంటు సంచుల కంపెనీ మాజీ జనరల్ మేనేజరు. ఆయన ఇంట్లో భోజనాల బల్లకి మీటింగులో అధ్యక్షుడిలా ఒక చివరే కూర్చుని, వంట బాగుంటే "నోటెడ్" అనేవాడు. గురువారాలు బట్టల మిల్లులో కొనుగోళ్లు చూసి దిగిపోయిన డైరెక్టరు. మూడు కొటేషన్లు లేందే ఇంట్లో సబ్బుబిళ్ల కొననిచ్చేవాడు కాదు. వాళ్లావిడ స్నానాలు ఎలా కానిస్తోందో మేనల్లుడు అడగలేదు. మిగతా ఇద్దరూ కొంచెం నయం, వాళ్లు ఊరికే అరిచేవారు.

మంగళవారాలు మందుల కంపెనీ డైరెక్టరుగారు. ఈయన గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టాడు. పేరు, వచ్చిన పని, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. కూరలు తెచ్చిన భార్య కూడా సంతకం పెట్టాకే లోపలికి రావాలి. మొదటిరోజు మేనల్లుడు 'వచ్చిన పని' అన్నచోట కాసేపు ఆలోచించి 'సలహా కోసం' అని రాశాడు. అది చదివి పెద్దాయన ముఖం వెలిగిపోయింది. లోపల కూర్చున్నాక మేనల్లుడు ప్రశ్న అడిగాడు.

"చెయ్యలేకపోయిన పనా? సీసాలయ్యా!" అన్నాడు పెద్దాయన. "దగ్గుమందు సీసాలు. వెయ్యి నింపితే ముప్ఫై పగిలేవి. తొమ్మిదేళ్లు కుస్తీ పట్టాను. సప్లయర్లని మార్చాను, మెషీను మార్చాను, మనుషుల్ని మార్చాను. పగులుతూనే ఉన్నాయి. అది అలాగే వదిలేసి వచ్చేశాను."

మావయ్య నోరు మూసుకోమన్నాడు. కానీ సీసా మాటెత్తితే మేనల్లుడి నోరు ఎలా మూతపడుతుంది?

"అడుగు ఊడొస్తోందా సార్, పక్క చీలుతోందా?"

"అడుగు. గుండ్రంగా, కోసినట్టు."

"వేడినీళ్లతో కడిగినవి ఎంతసేపటికి నింపుతారు?"

"వెంటనే. ఎందుకూ?"

"మందు చల్లగా ఉంటుందా?"

పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు. వేడి గాజులో చల్లటి మందు పడితే అడుగు నిలవదని మేనల్లుడు చెప్పాడు. సీసాలు కాసేపు ఆరాలి, లేదా మందే కాస్త గోరువెచ్చగా ఉండాలి. ఎంతసేపు, ఎంత వేడి అన్నది లెక్క కట్టాలి. ఆ లెక్కకి అయిదు మంగళవారాలు పట్టింది. మనిషికో పెన్సిలు పట్టుకుని కాగితాల మీద గీతలు గీసేవారు, అరుచుకునేవారు, చెరిపేవారు. చివరికి మేనల్లుడు అంతా రెండు పేజీల్లో శుభ్రంగా రాసి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆ వారం ఇంట్లో ప్రొడక్షన్ మీటింగు జరపడం మర్చిపోయాడు. ఎవరూ గుర్తు చెయ్యలేదు. బి-నాలుగు మళ్లీ పంచదారయింది.

సరదా సరదాగానే ఉంది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఈలోగా మరో మూడు వారాలు పోయాయి. ఒకప్పుడు తన కింద పనిచేసిన కుర్రవాడు ఇప్పుడు ఎక్కడో దూరాన ఒక సీసాల ఫ్యాక్టరీకి హెడ్డు. వాడు ఫోన్ చేశాడు. "సార్, మీరంటే నాకు చాలా గౌరవం. షిఫ్టు ఇన్‌ఛార్జి ఖాళీ ఒకటుంది. తప్పుగా అనుకోకండి. సోమవారం చేరేలా ఉంటే చెప్పండి."

నిన్నటిదాకా తనని 'సార్' అన్నవాడి కింద షిఫ్టు చూడాలి. భార్య బడీ, కూతురి కాలేజీ ఇక్కడ, తనొక్కడూ అక్కడ. పదకొండు నెలలయింది. వద్దనే ధైర్యం మేనల్లుడికి లేదు.

ఆఖరి ప్రయత్నంగా గురువారం పొద్దున మందుల కంపెనీ డైరెక్టరుగారింటికి వెళ్లాడు. మావయ్య సూత్రం పక్కనపెట్టి ఆయన సీటు గురించి నేరుగా అడిగేద్దామని నిశ్చయించుకున్నాడు. పెద్దాయన నడకకి వెళ్లాడు. గేటు దగ్గర ఆయన భార్య ఉంది. ఆవిడనే అడిగాడు.

"ఆయన సీటా? అయ్యో, దిగిపోక ఆర్నెల్ల ముందే మనిషిని పెట్టేశారు బాబూ. ఆ అబ్బాయికి పని నేర్పించింది ఈయనే. మీ మావయ్యగారికి మొదటిరోజే చెప్పానే!"

 మేనల్లుడు అక్కడే నిలబడి మిగతా నలుగురికీ ఫోన్లు చేశాడు. ఒకచోట ఓనరు కొడుకు కూర్చున్నాడు. ఒకచోట ఆ పోస్టే ఎత్తేశారు. మిగిలిన రెండుచోట్ల ఎప్పుడో నిండిపోయాయి. అక్కణ్ణుంచి సరాసరి మావయ్య ఇంటికి వెళ్లాడు. మావయ్య సాయంత్రం సభకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మావయ్యా! ఆ అయిదుచోట్లలో ఒక్కచోటైనా ఖాళీ ఉందా?"

"లేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నన్ను తిప్పావా? నాలుగు నెలలు! సోమవారం నేను మూటాముల్లే సర్దుకుని పోవాలి, తెలుసా? నీకు కాలక్షేపం, నాకు బతుకు!"

మావయ్య కాలరు మీద ఇస్త్రీ పూర్తిచేసి, పెట్టె పక్కన నిలబెట్టాడు.

"ఒరేయ్, నేను రిటైరైన మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఫోను పక్కన కూర్చున్నాను. ముప్ఫయ్యారేళ్లు ఆ టైముకి మోగింది కదా. పదకొండు రోజులు మోగలేదు. పన్నెండో రోజు మోగింది. రాంగ్ నంబరు. అయినా ఇరవై నిమిషాలు మాట్లాడాను."

"అవతలాయన ఎవరో పాలవాడి కోసం చేశాడు నాయనా," అంది అత్తయ్య వంటింట్లోంచి. "ఈయన వాళ్లబ్బాయి చదువుదాకా కనుక్కున్నారు."

మావయ్య జేబులోంచి డైరీ తీసి బల్ల మీద పడేశాడు. "చూసుకో."

మేనల్లుడు తెరిచాడు. ఖాళీల పట్టిక ఎక్కడా లేదు. పేజీ పేజీకీ ఒక రిటైరైన మనిషి, ఆయన భార్య ఫోను నంబరు, దాని కింద ఆవిడ చెప్పిన ముక్క. 'పలకట్లేదు.' 'నిద్ర లేదు.' 'టీవీతో పోట్లాట.' ఒక పేజీలో మేనల్లుడి భార్య నంబరు కనబడింది. దాని కింద ఇలా ఉంది: 'డబ్బాలకి నంబర్లు. గాజు గురించి బాగా తెలుసు. అడిగేవాడు లేడు.' ఎదుటి పేజీలో: 'మందుల డైరెక్టరు. సంతకాల పిచ్చి. సీసాలు పగులుతాయి. చెప్పేవాడు లేడు.' ఈ పేజీ నుంచి ఆ పేజీకి పెన్సిలుతో ఒక గీత.

"ఉద్యోగం పోయినవాడికీ రిటైరైనవాడికీ ఒకటే జబ్బురా," అన్నాడు మావయ్య. "ఎవరూ ఏమీ అడగరు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే రెండు కొంపలు కుదుటపడతాయనుకున్నాను. ఉద్యోగమని చెప్పకపోతే నువ్వు కదిలేవాడివా? ఖాళీ లేనిచోట్ల కూడా ఉద్యోగాలు పుట్టడం నేను చూశాను. పుడుతుందనే అనుకున్నాను. ఇంతవరకూ పుట్టలేదు. అది నా తప్పే."

మేనల్లుడికి కోపం ఉంది గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. డైరీ మూసి ఇచ్చేసి ఇంటికెళ్లి పెట్టె సర్దడం మొదలుపెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మందుల కంపెనీ ఎండీ సెక్రటరీ. రేపు పొద్దున పదింటికి ఒకసారి రాగలరా అని అడిగింది.

జరిగిందేమిటంటే, డైరెక్టరుగారికి కాగితం చేతిలో ఉంచుకునే అలవాటు లేదు. మేనల్లుడి రెండు పేజీల మీద 'తక్షణ చర్య నిమిత్తం' అని రాసి, మేనల్లుడి పేరూ నంబరూ వేసి, రిటైరైన సంగతే మర్చిపోయినట్టు ఎండీకి పంపేశాడు. అక్కడ మొహమాటానికి ఒక లైనులో చేసి చూశారు. వెయ్యికి ముప్ఫై పగిలేవి నాలుగుకి దిగాయి.

"తొమ్మిదేళ్ల తలనొప్పి పోగొట్టారు," అన్నాడు ఎండీ శనివారం పొద్దున. "మేం రెండో ఫ్యాక్టరీ కడుతున్నాం. ఇంకా బయట ఎవరికీ తెలీదు. దానికి హెడ్డుగా ఎవర్ని తీసుకోవాలో మేమూ అనుకోలేదు. బయోడేటా తెచ్చారా?"

"లేదు సార్. మా మావయ్య తేనివ్వడు."

"మీ మావయ్యెవరు?"

మేనల్లుడు గోడ మీది గ్రూపు ఫొటో వైపు చూశాడు. డైరెక్టరుగారి వీడ్కోలు సభ ఫొటో. ఎడమ చివర మనిషిని చూపించాడు. ఎండీ కళ్లజోడు సవరించుకుని దగ్గరికెళ్లి చూశాడు.

"ఈయన మా స్టోర్స్ ఆయన కాదూ?"

మేనల్లుడు కథంతా చెప్పాల్సి వచ్చింది. ఎండీ నవ్వీ నవ్వీ, జీతం, కారు, ఇల్లు అన్నీ మాట్లాడి, ఎప్పుడు చేరతారని అడిగాడు.

"సోమవారమే సార్. ఒక్క మనవి. మంగళవారాలు సాయంత్రం నాలుగింటికి నన్ను వదిలెయ్యాలి. డైరెక్టరుగారు ఎదురుచూస్తుంటారు."

 ఎండీ ఆ పెద్దాయనతో పద్ధెనిమిదేళ్లు పనిచేశాడు. దిగిపోయాక ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు దాచుకోలేదు.

"నేనూ వస్తాను," అన్నాడు. "ఈ మంగళవారమే. ఇకనుంచి వీలైనప్పుడల్లా."

మేనల్లుడు అటునుంచి అటే మావయ్య ఇంటికి పరిగెత్తాడు. ఫ్యాక్టరీ హెడ్డు ఉద్యోగం వచ్చిందంటే మావయ్య "ఆహా, మంచిది" అని పేపరు తిప్పాడు. ఎండీ డైరెక్టరుగారింటికి వస్తానన్నాడని చెప్పేసరికి మాత్రం పేపరు పక్కన పడేసి, కళ్లజోడు తీసి, పంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నిజంగా వస్తానన్నాడా?"

"నిజంగానే మావయ్యా. ప్రతి మంగళవారం వచ్చేలాగే ఉన్నాడు."

"అయితే మంగళవారం నీకక్కడేం పని?" అంటూ మావయ్య డైరీ తెరిచాడు. "బేరింగుల కంపెనీలో క్వాలిటీ చూసే పెద్దాయన కిందటి నెల దిగిపోయాడు. నిన్న ఇంట్లో కోడిగుడ్లన్నీ కొలిచి మూడు రిజెక్ట్ చేశాట్ట. నవ్వాలో ఏడవాలో తెలీక వాళ్లావిడ ఫోన్ చేసింది. అడ్రసు రాసుకో."